ఆగి ఆగి నడిచే ఎలక్ట్రిక్ బండి: లోపం ఎక్కడుందో పట్టుకునే విధానం

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం కంటే అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే బండిని బాగుచేయడం కష్టం. ఫ్లైఓవరు ఎక్కుతుండగా పవర్ పోతుంది, తాళం ఒకసారి ఆపి మళ్ళీ తిప్పగానే ఏమీ జరగనట్టు నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకువెళితే అతను డబుల్ స్టాండు వేసి, చక్రం గిరగిరా తిప్పి చూపించి, "బాగానే ఉంది కదండీ" అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చక్రం గాలిలో తిరుగుతున్నప్పుడు మోటారు తీసుకునే కరెంటు సాధారణంగా రెండు మూడు ఆంపియర్లే. ఇద్దరు కూర్చుని ఎత్తు ఎక్కేటప్పుడు అదే మోటారు, దానికి ఎంత కరెంటు పోవాలో నిర్ణయించే పెట్టె అయిన కంట్రోలర్ అనుమతించినంత, అంటే పదిహేను నుంచి ఇరవై అయిదు ఆంపియర్ల దాకా లాగుతుంది. వదులైన కనెక్షనుగానీ, నీరసించిన బ్యాటరీగానీ రెండు ఆంపియర్ల దగ్గర దొరకవు, ఇరవై ఆంపియర్ల దగ్గరే దొరుకుతాయి. అందువల్ల స్టాండు మీద బాగా తిరిగిందన్న ఒక్క కారణంతో బండిలో లోపం లేదని నిర్ణయించకూడదు, అలాగే ఆ పరీక్ష తరువాత "అయితే కంట్రోలరే పోయి ఉంటుంది" అనే ఊహ మీద డబ్బు పెట్టకూడదు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా మన ఊళ్ళలో లైసెన్సు, రిజిస్ట్రేషను అవసరం లేకుండా తిరిగే తక్కువ వేగపు స్కూటర్ల గురించి. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే, నిర్ణీత సంస్థల ధ్రువీకరణ ఉన్న అలాంటి బండి మోటారు వాహనాల లెక్కలోకి రాదు. ఈ స్కూటర్లలో 48 లేదా 60 వోల్టుల బ్యాటరీ, వెనుక చక్రంలోనే ఇమిడిన హబ్ మోటారు, సీటు కిందనో కాళ్ళు పెట్టుకునే పలక కిందనో కంట్రోలర్ ఉంటాయి. నిర్మాణం సులువు కనుక ఒక మల్టీమీటరు, కొంత ఓపిక ఉంటే లోపం ఎక్కడుందో చాలావరకు ఇంటి దగ్గరే తేల్చవచ్చు. 36 వోల్టుల ఎలక్ట్రిక్ సైకిళ్ళకు కూడా ఈ పద్ధతి వర్తిస్తుంది. ఫోను యాప్‌తో ముడిపడిన పెద్ద స్కూటర్లలో మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేరు లేనిదే లోపలికి పోలేము. అలాంటి బండి ఉన్నవారికి తరువాతి భాగంలోని పరిశీలన వరకు పనికొస్తుంది.

ఆగిన క్షణంలో ఏది ఆరిపోయింది, ఏది వెలుగుతోంది

మొత్తం వెతుకులాటలో అతి విలువైన సమాచారం ఇదే, పైగా దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. బండి ఆగిన క్షణంలో మీటరు, హెడ్‌లైటు, హారన్ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పగలు కూడా హెడ్‌లైటు వేసుకునే రెండు రోజులు తిరిగితే ఈ సంగతి తేలిగ్గా కనిపిస్తుంది.

మోటారుతో పాటు మీటరు, లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోతే బండికి మూలం నుంచే కరెంటు ఆగిందన్నమాట: బ్యాటరీ, దాని లోపల సెల్లులను కాపాడే సర్క్యూటు అయిన బీఎంఎస్, బ్యాటరీ తీగలను కలిపే ప్లగ్గు అయిన కప్లర్, కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చి అయిన ఎంసీబీ, ఫ్యూజు, తాళం స్విచ్చి, వీటిలో ఏదో ఒకటి. లైట్లు మామూలుగా వెలుగుతూ మోటారు ఒక్కటే ఊరుకుంటే బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంది, కాని కంట్రోలర్ మోటారును తిప్పడం లేదు. అప్పుడు బ్రేకు స్విచ్చి, సైడు స్టాండు స్విచ్చి, యాక్సిలరేటర్, చక్రం స్థానాన్ని చెప్పే హాల్ సెన్సర్లు, మోటారు తీగలు, చివరగా కంట్రోలర్ అనుమానితులు. మోటారు ఆగే ముందు మీటరులో బ్యాటరీ గీతలు ఒక్కసారిగా కిందికి పడి, యాక్సిలరేటర్ వదలగానే మళ్ళీ పైకి లేస్తే అది బరువు మోయలేకపోతున్న బ్యాటరీ లక్షణం.

తిరిగి ప్రాణం పోసుకునే తీరు కూడా అంతే ముఖ్యం. గతుకు తగిలినప్పుడు పోయి ఇంకో గతుకుకు దానంతట అదే వస్తే వదులు కనెక్షను. తాళం ఆపి మళ్ళీ వేస్తేనే వస్తే బీఎంఎస్‌గానీ కంట్రోలర్‌గానీ తన రక్షణ కోసం కరెంటు కట్ చేసి, దాన్ని అలాగే పట్టుకుని ఉందని అర్థం. నీడలో పదిహేను నిమిషాలు నిలిపితేనే వస్తే వేడి, లేదా విశ్రాంతితో కాస్త తేరుకున్న నీరసపు బ్యాటరీ. ఛార్జరు పెడితే తప్ప రాకపోతే దాదాపు తప్పనిసరిగా బీఎంఎస్. కొన్ని బీఎంఎస్‌లు ఒకసారి తెగిన తరువాత ఛార్జరు వోల్టేజీ కనిపిస్తేనే తిరిగి తెరుచుకుంటాయి.

వీటిని గుర్తు మీద వదిలేయకుండా ఫోనులో రాసుకోవడం మంచిది. ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఎంత ఛార్జి ఉండగా, ఎత్తులోనా చదునులోనా, వాన తరువాతా, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడా అన్న వివరాలతో అయిదారు సంఘటనలు రాసి పెట్టుకుంటే వాటిలో పోలిక దానంతట అదే కనిపిస్తుంది. హ్యాండిల్ తిప్పినప్పుడే పోతుంటే హ్యాండిల్ మెడ దగ్గర వందలసార్లు వంగి వంగి, పై తొడుగు బాగానే ఉన్నా లోపల తెగిన తీగ ఉంటుంది. పంక్చరు వేయించిన వారం నుంచే మొదలైతే వెనుక చక్రం విప్పి బిగించినప్పుడు ఇరుసు దగ్గర మోటారు కేబులు నలిగి ఉంటుంది. ఈ రెండింటినీ మల్టీమీటరుతో వెతకడం కంటే రాసుకున్న వివరాలే ముందుగా చెబుతాయి.

సీటు ఎత్తే ముందు

ఎంసీబీ ఆపాలి, బ్యాటరీ కప్లర్ విప్పాలి, ఆ తరువాత తాళం ఒకసారి వేసి కొద్ది నిమిషాలు ఉంచాలి; కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి ఆ విధంగా ఖాళీ అవుతుంది. మళ్ళీ కప్లర్ తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ రావడం ఆ కెపాసిటర్లు నిండడం వల్లనే, అందుకు కంగారుపడనక్కరలేదు. ఉంగరం, గాజులు, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసి పక్కన పెట్టాలి. 60 వోల్టుల బండి పూర్తి ఛార్జిలో 67 నుంచి 73 వోల్టుల దాకా ఉంటుంది, అది తడి చేతికి షాక్ కొట్టగలదు. అయితే షాక్ కంటే పెద్ద ప్రమాదం బ్యాటరీ రెండు కొసల మధ్య పడిన స్పానరుది. ఒక్క క్షణంలో అది ఎర్రగా కాలి టెర్మినల్‌కు అతుక్కుపోతుంది. అందుకే స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాలి, రెండు టెర్మినళ్ళను ఒకేసారి తెరిచి ఉంచకూడదు.

లిథియం ప్యాక్ పెట్టెను మాత్రం ఇంట్లో తెరవకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటలు కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటలు, పొగ పైకెక్కి ఎనిమిది మంది చనిపోయిన సంగతి మనకు తెలుసు. ఉబ్బిన, కారిన, దెబ్బ తిన్న, తియ్యటి రసాయనపు వాసన వస్తున్న ప్యాక్ కనిపిస్తే పరీక్షలన్నీ అక్కడికి ఆపేసి, దాన్ని ఇంటి బయట, కాలే వస్తువులకు దూరంగా పెట్టి, అమ్మినవారిని పిలవాలి.

అన్నీ ఒకేసారి ఆరిపోతున్నప్పుడు

ముందు కళ్ళతో, వేళ్ళతో చూడాలి. ఎత్తు ఎక్కి దిగిన వెంటనే తాళం ఆపి, బ్యాటరీ కప్లర్‌ను, ఎంసీబీని, లావు తీగల కొసలను వేళ్ళతో తాకి చూడండి. పక్కనున్న తీగ మామూలుగా ఉండి తీగలు కలిసే ఒక్క కీలు మాత్రమే వేడిగా ఉంటే అక్కడే లోపం ఉంది. దీని వెనుక లెక్క చాలా చిన్నది. కప్లర్ పిన్ను వదులై అక్కడ 0.05 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 20 ఆంపియర్లు పారినప్పుడు ఆ ఒక్క చోటే 1 వోల్టు పోతుంది, 20 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ కప్లర్‌లో దూర్చి వదిలినట్టే. ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది. కప్లర్ గోధుమ రంగుకు తిరగడం, పిన్ను మెరుపు పోయి నల్లబడడం, విప్పబోతే రాకుండా కరుచుకుపోవడం ఈ జబ్బు గుర్తులు. అలాంటి పిన్నును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ తగిలిస్తే రెండు వారాలు నడుస్తుంది, మూడో వారం మళ్ళీ ఆగుతుంది. కాలిన కప్లర్‌ను రెండు వైపులా మార్చడం ఒక్కటే మార్గం.

ఎంసీబీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరికాడు. చాలా బండ్లలో ఇళ్ళకు వాడే ఏసీ ఎంసీబీనే పెడతారు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కనుక స్విచ్చి తెరిచినప్పుడు లేచే నిప్పు దానంతట అదే ఆరుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే డీసీకి ఆ వెసులుబాటు లేదు, నిప్పు సాగి లోపలి కాంటాక్టులను కాలుస్తుంది. తాళం వేసి ఉండగానే ఎంసీబీని పైకీ కిందికీ కొట్టే అలవాటు ఉన్న బండిలో ఏడాది తిరిగేసరికి ఆ కాంటాక్టులు గుంటలు పడతాయి. పైకి ఎంసీబీ ఎక్కే ఉంటుంది, లోపల మాత్రం కరెంటు దాటీ దాటనట్టు ఉంటుంది. మా ఇంటి బండికి ఒకసారి ఈ తంటా వచ్చినప్పుడు ఒక మెకానిక్ సలహా మీద కంట్రోలర్ మార్పించాము. నాలుగో రోజున అదే ఫ్లైఓవరు మీద అదే తీరుగా ఆగింది. చివరికి ఎంసీబీ కింది స్క్రూ చేత్తో తిరిగేంత వదులుగా ఉందని తేలింది, దాని పక్క ప్లాస్టిక్ కరిగి ఉంది. మార్చాల్సి వస్తే అంతే ఆంపియర్ల సామర్థ్యం ఉన్న, డీసీకి పనికొస్తుందని దాని మీద ముద్ర ఉన్న ఎంసీబీ తీసుకోవాలి. మాటిమాటికీ పడిపోతోందని ఎక్కువ ఆంపియర్లది పెట్టడం, లేదా తీసేసి తీగలు నేరుగా కలిపేయడం చేయకూడదు.

కంటికి ఏమీ దొరకనప్పుడు మీటరు అవసరం. మల్టీమీటరును డీసీ 200 వోల్టుల స్థానంలో పెట్టి, నల్ల కొసను బ్యాటరీ నెగటివ్ దగ్గర కదలకుండా ఉంచి, ఎర్ర కొసను బ్యాటరీ పాజిటివ్ నుంచి మొదలుపెట్టి కప్లర్ అవతల, ఎంసీబీ ముందు, ఎంసీబీ తరువాత, ఫ్యూజు తరువాత, కంట్రోలర్ లావు ఎర్ర తీగ దగ్గర వరుసగా పెట్టుకుంటూ పోవాలి. ఏ మెట్టు దాటాక వోల్టేజీ మాయమైందో లేదా తగ్గిందో అక్కడే లోపం. బ్యాటరీ కొసల దగ్గరే వోల్టేజీ లేకపోతే బీఎంఎస్ కట్ చేసినట్టు.

చిక్కేమిటంటే మీరు మీటరు తీసేలోపు బండి బాగైపోతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. ఎంసీబీ తరువాతి పాజిటివ్ నుంచి, బ్యాటరీ నెగటివ్ నుంచి రెండు సన్నటి తీగలు తీసి, పాజిటివ్ తీగ మొదట్లోనే 1 ఆంపియరు ఫ్యూజు పెట్టి, హ్యాండిల్ దగ్గర టేపుతో బిగించిన మల్టీమీటరుకు కలపండి. ఎదురుగా ఫోనును వీడియో రికార్డింగులో పెట్టండి. ఖాళీ రోడ్డు మీద, లోపం వచ్చే దారిలోనే నడపండి, మీటరు వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ. ఇంటికొచ్చి వీడియో చూస్తే పవర్ పోయిన క్షణంలో అంకె ఎంతకు పడిందో తెలుస్తుంది. నేరుగా సున్నాకు పడితే తెగిన కనెక్షను లేదా బీఎంఎస్. మెల్లగా జారి జారి ఒక అంకె దగ్గర మోటారు ఆగితే బ్యాటరీ నీరసం. అంకె నిలకడగా ఉన్నా మోటారు ఆగితే ఇక బ్యాటరీ వైపు వెతకడం మానేయవచ్చు. అనుమానం ఒక కీలు మీదే ఉంటే రెండు తీగలనూ ఆ కీలుకు చెరో పక్క, ఒకే పాజిటివ్ తీగ మీద పెట్టి కొలవాలి. రెండూ పాజిటివ్ తీగలే కనుక ఈసారి రెండింటికీ ఫ్యూజు ఉండాలి, మీటరును మాత్రం 200 వోల్టుల స్థానం నుంచి దించకూడదు. మంచి కీలు అయితే పూర్తి బరువులో కూడా అంకె సున్నా దగ్గరే ఉంటుంది, అర వోల్టుకు మించి చూపిస్తే ఆ కీలును నమ్మకూడదు.

తాళం స్విచ్చి పరీక్ష సులువు. చాలా బండ్లలో తాళం గుండా పోయేది కంట్రోలర్‌ను మేల్కొలిపే సన్నటి కరెంటే, కాని అది తెగినా అన్నీ ఆరిపోతాయి. బండి నిలిపి, లైటు వేసి, తాళంచెవిని పక్కలకు కదిపి చూడండి. లైటు మిణుకుమంటే స్విచ్చి అరిగింది. ఇంటి తాళాల గుత్తి మొత్తం బండి తాళంచెవికి వేలాడదీసే అలవాటు ఉన్నవారికి ఇది త్వరగా వస్తుంది.

బరువు మోయలేని బ్యాటరీ

బ్యాటరీ నిండిందో లేదో చెప్పే వోల్టేజీ వేరు, బరువు పడినప్పుడు నిలబడే వోల్టేజీ వేరు. పూర్తి ఛార్జిలో ఎంత ఉండాలో ఛార్జరు మీద ముద్రించిన అవుట్‌పుట్ అంకె చెబుతుంది. లిథియం అయాన్ సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు కనుక, ఒకదాని తరువాత ఒకటిగా కలిపిన పది సెల్లు వరుసలున్న 36 వోల్టుల ప్యాక్ 42, పదమూడు వరుసల 48 వోల్టుల ప్యాక్ 54.6, పదహారు వరుసల 60 వోల్టుల ప్యాక్ 67.2 వోల్టులు చూపాలి. ఎల్ఎఫ్‌పీ అని పిలిచే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు నిండినప్పుడు 3.65 వోల్టులు, అందుచేత పదహారు వరుసల ప్యాక్ ఛార్జరు మీద 58.4, ఇరవై వరుసల ప్యాక్ ఛార్జరు మీద 73 అని ఉంటుంది. ఛార్జరు తీశాక ఈ రకం కొన్ని వోల్టులు కిందికి దిగి నిలవడం సహజం.

లిథియం ప్యాక్‌లో అన్ని వరుసలూ బాగుండి ఒక్క వరుస నీరసిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పదమూడు వరుసల ప్యాక్‌లో పన్నెండు వరుసలు 3.5 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఒకటి బరువుకు 2.7కు పడింది. మొత్తం 44.7 వోల్టులు, అంటే మీటరు ప్రకారం ఇంకా బోలెడంత ఛార్జి ఉంది. కాని బీఎంఎస్ మొత్తాన్ని చూడదు, ఒక్కో వరుసను విడిగా చూస్తుంది. ఆ బలహీన వరుసను కాపాడటానికి కరెంటు తెంచేస్తుంది. సగం ఛార్జి చూపిస్తూ ఎత్తులో ఆరిపోయే బండి కథ చాలాసార్లు ఇదే. బయటి నుంచి దీనికి ఒక ఆధారం దొరుకుతుంది. ఎల్ఎఫ్‌పీ కాని ప్యాక్ అయితే, ఛార్జరు ఆకుపచ్చ దీపం చూపించాక కూడా దాని వోల్టేజీ ముద్రించిన అంకె కంటే ఒకటిన్నర, రెండు వోల్టులు తక్కువగా ఉంటే వరుసల మధ్య హెచ్చుతగ్గులు ఉన్నాయన్నమాట. బీఎంఎస్ వాటిని సమం చేసే కరెంటు చాలా చిన్నది, మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. అందువల్ల రెండు మూడు రోజులపాటు పగటిపూట, మనిషి ఎదురుగా ఉండగా, దీపం ఆకుపచ్చగా మారాక కూడా మరికొన్ని గంటలు ఛార్జరు ఉంచి చూడవచ్చు. అంకె మెల్లగా పెరిగితే ఆశ ఉంది. పెరగకపోతే ఆ వరుస పోయినట్టే, ప్యాక్ తెరిచే పని దానికి తగిన పరికరాలు ఉన్నవారిది.

లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్న బండిలో ఈ పని చాలా తేలిక, ఎందుకంటే 60 వోల్టులంటే విడివిడిగా కనిపించే అయిదు 12 వోల్టుల డబ్బాలు. పూర్తిగా ఛార్జి చేసి, రెండు మూడు గంటలు వదిలి, ఒక్కొక్కదాన్ని కొలవాలి. ఆరోగ్యంగా ఉన్నది 12.7 నుంచి 13 వోల్టుల మధ్య నిలుస్తుంది. నాలుగు 12.8 చూపిస్తూ ఒకటి 12.2 దగ్గర ఉంటే మిగతా నాలుగింటినీ అదే ఆపుతోంది. అయినా నిలకడ వోల్టేజీ ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు. పైన చెప్పిన సన్నటి తీగలు, వీడియో పద్ధతిలో ఒక్కో డబ్బాకు పెట్టి ఎత్తు ఎక్కించి చూస్తే మంచివి 11.5 వోల్టుల పైన నిలుస్తాయి, చెడ్డది 10.5 దాటి ఇంకా కిందికి జారుతుంది. ఒక్కటే మార్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. మిగతావి ఏడాది లోపువైతే మార్చవచ్చు. రెండేళ్ళు దాటిన నాలుగు పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే మూడు నాలుగు నెలల్లో ఇంకోటి పడిపోతుంది, ప్రతిసారీ సీటు కింద పని మళ్ళీ మొదటికొస్తుంది.

లైట్లు వెలుగుతున్నాయి, మోటారు మాత్రం తిరగడం లేదు

ముందుగా బ్రేకు స్విచ్చి చూడాలి. బ్రేకు లీవరు నొక్కగానే కంట్రోలర్ మోటారుకు కరెంటు ఆపాలి, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. లీవరు పూర్తిగా వెనక్కి రాకపోతే, లోపల దుమ్ము చేరితే, స్విచ్చిలో నీరు చేరితే బ్రేకు వేయకపోయినా వేసినట్టు కంట్రోలర్‌కు సందేశం అందుతుంది. వెనుక వచ్చేవారిని బ్రేకు లైటు గమనించమని అడిగితే చాలు. మోటారు ఆగిన ప్రతిసారీ బ్రేకు లైటు వెలుగుతోందంటే వెతుకులాట ముగిసినట్టే. అనుమానం తీరకపోతే మనుషులు తిరగని చోట ఒక్కొక్క లీవరు స్విచ్చి కప్లర్ విప్పి నడిపి చూడవచ్చు. బ్రేకులు యథావిధిగా పడతాయి, మోటారు కట్ మాత్రమే పనిచేయదు. పరీక్ష అయ్యాక తప్పనిసరిగా తిరిగి తగిలించాలి. సైడు స్టాండు స్విచ్చి ఉన్న బండిలో దాని స్ప్రింగు సడలితే గతుకుకు స్టాండు కాస్త ఊగినా మోటారు ఆగుతుంది.

యాక్సిలరేటర్‌కు మూడు తీగలు ఉంటాయి: సుమారు 5 వోల్టుల సరఫరా, నెగటివ్, సిగ్నల్. కప్లర్ వెనుక నుంచి మీటరు కొసను దూర్చి సిగ్నల్ కొలిస్తే వదిలినప్పుడు 0.8 నుంచి 1 వోల్టు, పూర్తిగా తిప్పినప్పుడు 3.5 నుంచి 4.2 వోల్టుల మధ్య ఉండాలి. ముఖ్యమైనది చివరి అంకె కాదు, మధ్యలో ప్రయాణం. మెల్లగా తిప్పుతుంటే అంకె నునుపుగా పెరగాలి. ఎక్కడైనా సున్నాకు పడి లేస్తే ఆ పిడి మార్చాలి. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని తాళం వేస్తే మోటారు కదలకపోవడం లోపం కాదు, చాలా కంట్రోలర్లు భద్రత కోసం అలాగే ప్రవర్తిస్తాయి.

బయలుదేరేటప్పుడు బండి వణికి, గరగరలాడి, కాలితో ఒక్క తోపు తోస్తే నడుస్తుందంటే అది హాల్ సెన్సర్ల సంగతి. చక్రం ఏ స్థానంలో ఉందో ఇవి కంట్రోలర్‌కు చెబుతాయి. మోటారు నుంచి వచ్చే సన్నటి అయిదు తీగల్లో ఎరుపు 5 వోల్టుల సరఫరా, నలుపు నెగటివ్. పసుపు, ఆకుపచ్చ, నీలం మూడు సెన్సర్ల సిగ్నళ్ళు. తాళం వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా, డబుల్ స్టాండు మీద చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో రంగు తీగను నలుపుతో పోల్చి కొలవాలి. ప్రతి తీగా సున్నాకూ, సుమారు 5 వోల్టులకూ మధ్య మారుతూ ఉండాలి. ఒకటి కదలకుండా నిలిచిపోతే ఆ సెన్సర్ పోయి ఉండాలి లేదా దాని తీగ తెగి ఉండాలి, తీగ తెగడమే ఎక్కువ. ఇరుసు రంధ్రం నుంచి కేబులు బయటికి వచ్చే చోటు చూడండి. నట్టు వదులై ఇరుసు అటూ ఇటూ తిరిగితే కేబులు మెలిపడి తొడుగు తెగుతుంది. ఇరుసు తిరగకుండా పట్టే మడత వాషరును పంక్చరు వేసేటప్పుడు మరిచిపోవడం అరుదేమీ కాదు.

కంట్రోలర్ నుంచి మోటారుకు కరెంటు తీసుకెళ్ళే పసుపు, ఆకుపచ్చ, నీలం లావు తీగలు మూడింటి బోల్టులు కూడా ఒకసారి బిగించి చూడాలి. ఒకటి వదులైతే మోటారు బలం తగ్గి, ఎత్తులో కుదుపులు వచ్చి ఆగుతుంది. ఎలుకలు కొరికిన తీగలు కూడా ఎక్కువగా ఈ భాగంలోనే కనిపిస్తాయి. రాత్రి బండి పెట్టే చోట బియ్యం మూటలుగానీ కోళ్ళ దాణాగానీ ఉంటే వైరింగు మొత్తం వెలుతురులో చూడక తప్పదు.

ఇవన్నీ సరిగా ఉన్నాకే కంట్రోలర్‌ను అనుమానించాలి. వేడి మీద దాని లోపల టంకం పట్టు వదలడం, రక్షణ కోసం అదే ఆగిపోవడం రెండూ జరుగుతాయి. బండి ఆగగానే కంట్రోలర్ అల్యూమినియం పెట్టె చెయ్యి పెట్టలేనంత కాలుతూ, చల్లారాక మామూలుగా నడిస్తే ముందుగా దానికి గాలి తగిలేటట్టు చేసి చూడండి. కాళ్ళ పలక కింద దాని చుట్టూ బురద పేరుకుపోవడం, పాత గుడ్డలు కుక్కడం నేను చాలా బండ్లలో చూశాను.

ఎండ, వాన

మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మధ్యాహ్నమంతా ఎండలో నిలిపిన బండిని రెండు కిలోమీటర్లు గట్టిగా నడిపితే బ్యాటరీ లోపలి వేడికి బీఎంఎస్ కట్ చేయవచ్చు; ఆ వేడి మీద ఇంటికి రాగానే ఛార్జి పెట్టకుండా ప్యాక్ చల్లారేదాకా ఆగాలి. వానాకాలంలో మాత్రం దోషం ఎక్కువగా వాననీటిది కాదు, వాటర్ సర్వీసింగుది. ప్రెషరు పైపుతో హబ్ మోటారు ఇరుసు దగ్గర, కప్లర్ల మీద కొట్టిన నీళ్ళు వాన చేరలేని చోట్లకు చేరతాయి. తడిసిన కప్లర్లను విప్పి, ఆరబెట్టి, విద్యుత్ కాంటాక్టులకు వాడే సిలికాన్ గ్రీజు పలచగా పట్టించి తిరిగి బిగించాలి. కేబులు కప్లర్‌కు చేరే ముందు కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకి లేచేటట్టు కడితే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

బాగుచేసిన తరువాత

రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం లైటు తీగలకు కొన్నాళ్ళు పనిచేస్తుందేమోగాని, లావు తీగలకు అసలు పనికిరాదు. తీగ కొసకు తొడిగే సరైన సైజు లోహపు లగ్గును క్రింపింగ్ ప్లయర్‌తో బిగించి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. బిగించాక తీగను గట్టిగా లాగి చూడాలి. చేతి బలానికి ఊడిన కీలు రోడ్డు మీద ఎలాగూ ఊడుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కప్లర్, ఎంసీబీ, యాక్సిలరేటర్ మూడూ ఒకే రోజు మార్చేస్తే బండి బాగుపడినా ఏది చెడిందో తెలియదు, రెండు నెలలకు మళ్ళీ వస్తే మొదటి నుంచి వెతకాలి.

వారంటీ ఉన్న బండిలో సీలు తెంచే ముందు మీరు రాసుకున్న సంఘటనల జాబితా, మీటరు వీడియో రెండూ సర్వీసు సెంటరులో చూపించండి. స్టాండు మీద చక్రం తిప్పి పంపేయబోతే, మీతో పాటు ఒకరిని వెనుక కూర్చోబెట్టుకుని అదే ఎత్తు ఎక్కించి చూడమని అడగండి. ఇంట్లో బాగుచేసుకున్నా చివరి పరీక్ష అదే: పూర్తి ఛార్జితో ఒకసారి, మూడో వంతు ఛార్జితో ఇంకోసారి, ఇద్దరు కూర్చుని, ఇంతకుముందు ఆగిన చోటుకే వెళ్ళి రావాలి, దిగగానే తాళం ఆపి, మార్చిన కీలును వేలితో తాకి వేడి చూడాలి.